పొగమంచులో థేమ్స్ తీరం

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే పేరు వినగానే చాలామందికి కలువల కొలను స్ఫురిస్తుంది. తన తోటలోని నీటిమడుగును జీవితపు చివరి దశకాలలో వందల పర్యాయాలు చిత్రించినవాడు కనుక ఆ గుర్తింపు సహజమే. అయితే ఆయన పనితీరునూ, పట్టుదలనూ, పడిన వేదననూ తెలుసుకోగోరేవారికి కలువల కొలను కంటె లండన్ నగరంలోని థేమ్స్ నదీతీరమే మేలైన చోటు. ఆయన ఆ తీరానికి రెండు దశలలో వెళ్లాడు. మొదటిసారి యుద్ధభయంతో దేశం విడిచిన నిరుపేద యువకునిగా వెళ్లాడు. ముప్పయ్యేళ్ల తరువాత దేశదేశాలలో పేరు పొందిన సంపన్నునిగా వెళ్లాడు. రెండుసార్లూ ఆయనను ఆకర్షించినది ఒక్కటే: నగరాన్ని కప్పివేసే పొగమంచు.

మోనే 1840 నవంబరు 14న పారిస్‌లో జన్మించాడు. ఆయనకు ఐదేళ్ల ప్రాయంలో కుటుంబం లె హావర్ అనే రేవుపట్టణానికి తరలివెళ్లింది. తండ్రి అక్కడ ఓడలకు కావలసిన సరుకులు సరఫరా చేసే బంధువుల వర్తకంలో చేరాడు. కుమారుడు కూడా ఆ వ్యాపారంలోనే స్థిరపడాలని ఆయన ఆశించాడు. బాలునికి మాత్రం పాఠాల మీద కంటె నోటుపుస్తకాల అంచులలో ఉపాధ్యాయుల వికృతరూపాలు గీయడం మీదే శ్రద్ధ ఎక్కువ. పదహారేళ్ల వయస్సు నాటికే ఊరి ప్రముఖుల వ్యంగ్యచిత్రాలు వేసి అమ్ముకొని చేతినిండా సొమ్ము సంపాదించేవాడు. 1857లో తల్లి మరణించింది. చిత్రలేఖనంపై అభిరుచి గల మేనత్త ఆయనను ఆదరించి ప్రోత్సహించింది.

ఆ పట్టణంలోనే యూజీన్ బూదెన్ అనే చిత్రకారుడు ఉండేవాడు. సముద్రపుటొడ్డున కూర్చొని ఆకాశాన్నీ, అలలనూ ఎదురుగా చూస్తూ చిత్రించడం ఆయన అలవాటు. ఆ రోజులలో చిత్రకారులు బయట నమూనాలు మాత్రం గీసుకొని, అసలు చిత్రాన్ని నాలుగు గోడల నడుమ పూర్తి చేసేవారు. 1841లో లోహపు గొట్టాలలో నింపిన తైలవర్ణాలు కనుగొనబడిన తరువాతనే రంగులను సంచిలో వేసుకొని పొలం గట్టుకో, నది ఒడ్డుకో పోవడం సులభమైంది. బూదెన్ ఈ కుర్రవాణ్ణి వెంట తీసుకొనిపోయి ఆరుబయట చిత్రించడం నేర్పాడు. మోనే తన జీవితాంతం ఆ మేలును మరువలేదు.

1859లో ఆయన పారిస్ చేరాడు. 1861లో సైనిక సేవకై అల్జీరియా వెళ్లి, అక్కడ విషజ్వరం బారినపడి మరుసటి సంవత్సరం తిరిగివచ్చాడు. మేనత్త సొమ్ము చెల్లించి మిగిలిన సైనిక సేవ నుండి విముక్తి కలిగించింది. పారిస్‌లో రెనువా, సిస్లీ, బజీల్, పిస్సారో వంటి యువ చిత్రకారులు ఆయనకు మిత్రులయ్యారు. ఫ్రాన్సులో చిత్రకారుని భవిష్యత్తును నిర్ణయించేది ప్రభుత్వ ఆధ్వర్యంలో జరిగే సలోన్ అనే వార్షిక ప్రదర్శన. 1865, 1866 సంవత్సరాలలో మోనే చిత్రాలకు అక్కడ చోటు దొరికింది. 1867లో ఎంతో శ్రమించి వేసిన ‘తోటలో స్త్రీలు’ అనే పెద్ద చిత్రాన్ని నిర్ణేతలు తిరస్కరించారు. మిత్రుడు బజీల్ దానిని రెండువేల ఐదువందల ఫ్రాంకులకు కొని, ఆ మొత్తాన్ని నెలసరి వాయిదాలలో చెల్లించాడు. అది మిత్రుని ఇంట పొయ్యి ఆరకుండా చేసిన ఏర్పాటని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఏడే మోనేకు, ఆయన చిత్రాలకు నమూనాగా నిలిచిన కమీల్ అనే యువతికి ఝాన్ అనే కుమారుడు పుట్టాడు. ఈ సంబంధం మోనే తండ్రికి ఇష్టం లేదు. రొట్టె కొనడానికి కూడా డబ్బు లేని రోజులలో రెనువా తన ఇంటి నుండి రొట్టెలు తెచ్చి ఇచ్చేవాడు.

1870 జూన్‌లో మోనే, కమీల్‌ల వివాహం జరిగింది. మరుసటి నెలలో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం మొదలైంది. మోనే సైన్యంలో చేరలేదు. భార్యాబిడ్డలతో లండన్ చేరుకొన్నాడు. వాయిదాల మీద చిత్రం కొన్న బజీల్ మాత్రం స్వచ్ఛందంగా సైన్యంలో చేరి, 1870 నవంబరు 28న యుద్ధభూమిలో ఇరవై ఎనిమిదేళ్ల ప్రాయంలో మరణించాడు. ఆ సంగతి తెలియకుండా మోనే జీవితంలోని తరువాతి అధ్యాయాన్ని చదవకూడదు. ఆయన బ్రతికి ఉండి చేసిన పని వెనుక బ్రతకని మిత్రుని నీడ ఉంది.

లండన్‌లో ఆయనకు భాష రాదు, చేతిలో డబ్బు లేదు. రాయల్ అకాడమీ ప్రదర్శనకు పంపిన చిత్రాలు తిరస్కరింపబడ్డాయి. అయినా రెండు మేళ్లు జరిగాయి. తనలాగే ఫ్రాన్సు విడిచి వచ్చిన చిత్రాల వర్తకుడు పాల్ డ్యురాన్ రుయెల్‌తో పరిచయం కలిగింది. మోనే కుటుంబానికి అనంతర కాలంలో ఆధారంగా నిలిచినవాడు ఆయనే. రెండవది, అక్కడికే చేరిన పిస్సారోతో కలిసి ఆంగ్ల చిత్రకారులైన టర్నర్, కాన్‌స్టబుల్‌ల చిత్రాలను చూసే అవకాశం లభించింది. ఆ కాలంలో మోనే వేసిన ‘వెస్ట్‌మినిస్టర్ దిగువన థేమ్స్’ అనే చిత్రం నేడు లండన్ నేషనల్ గేలరీలో ఉంది. అందులో పార్లమెంటు గోపురాలు లేత నీలిరంగు మంచులో తేలిపోతున్నట్లుంటాయి. ముందువైపు కొయ్యరేవు మీద పనివారు ఊడదీసే పనిలో ఉంటారు. నది ఒడ్డున కొత్తగా కట్టిన రాతిగట్టు కనిపిస్తుంది. ఎడమవైపు, దూరాన, అప్పుడే పూర్తికావస్తున్న ఆసుపత్రి భవనం ఒకటి మసకగా కనబడుతుంది. దాని పేరు సెయింట్ థామస్ ఆసుపత్రి. పాఠకులు ఆ పేరు గుర్తుంచుకోవాలి.

యుద్ధానంతరం స్వదేశానికి తిరిగివచ్చిన మోనే 1872లో లె హావర్ రేవును ఒక ఉదయం హోటలు కిటికీ నుండి చిత్రించాడు. బూడిదరంగు నీలిమలో ఓడల నీడలు, నాలుగైదు గీతలతో సూచించిన చిన్న పడవలు, నారింజపండువంటి సూర్యబింబం, అంతకుమించి ఆ చిత్రంలో ఏమీ లేదు. విచిత్రమేమంటే, దానిని నలుపు తెలుపులలో ఛాయాచిత్రం తీస్తే ఆ సూర్యుడు దాదాపు కనిపించకుండా పోతాడు. చుట్టూ ఉన్న ఆకాశానికీ సూర్యునికీ వెలుగులో తేడా లేదు, తేడా రంగులోనే ఉంది. మంచులో సూర్యుణ్ణి చూసినప్పుడు మన కన్నుకు కలిగే అలజడిని ఆయన అలా పట్టుకొన్నాడు. 1874 ఏప్రిల్‌లో సుమారు ముప్పయి మంది చిత్రకారులు సలోన్‌తో నిమిత్తం లేకుండా సొంతంగా ప్రదర్శన ఏర్పాటు చేసుకొన్నప్పుడు దానికి ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ అని పేరు పెట్టారు. సూర్యోదయ దృశ్యం మనస్సుపై వేసిన ముద్ర అని దాని భావం. లూయీ లెరువా అనే విమర్శకుడు ఆ పేరును పట్టుకొని, వీరంతా ముద్రలు వేసేవారే కాని చిత్రకారులు కారన్న ధోరణిలో పరిహాసం చేశాడు. ఆ ఎగతాళి మాటే ఇంప్రెషనిజం అనే పేరుగా నిలిచిపోయింది.

పేరు వచ్చింది కాని డబ్బు రాలేదు. 1878లో రెండవ కుమారుడు మిషేల్ పుట్టిన తరువాత కమీల్ ఆరోగ్యం క్షీణించి, 1879 సెప్టెంబరు 5న ముప్పయి రెండేళ్ల వయస్సులో మరణించింది. ఆ మృత్యుశయ్య పక్కన కూర్చొని మోనే ఆమె ముఖాన్ని చిత్రించాడు. తెల్లని, ఊదారంగు గీతల పొరలో ఆమె మంచు వెనుక నున్నట్లు కనిపిస్తుంది. ఎంతో ప్రేమించిన ఆ ముఖం మీద మృత్యువు తెచ్చిన నీలం, పసుపు, బూడిద రంగుల క్రమాన్ని తన కళ్లు వాటంతట అవే లెక్కిస్తుండడం గమనించి తాను భయపడ్డానని తరువాతి కాలంలో మిత్రుడు క్లెమాన్సోతో ఆయన చెప్పుకొన్నాడు. ఇది నిర్దయ అని కొందరికి తోచవచ్చు. కాని తన చూపు తన అదుపులో లేదని గ్రహించి బెదిరిన మనిషిని నిర్దయుడనడం న్యాయం కాదు. మోనే తన పనికి బానిస అని ఆ చిత్రం చెబుతుంది. థేమ్స్ తీరాన ఆ బానిసత్వమే మరొక రూపంలో ప్రత్యక్షమవుతుంది.

దివాలా తీసిన ఒక వర్తకుని భార్య అలీస్, ఆమె ఆరుగురు పిల్లలు అప్పటికే మోనే ఇంట ఉంటున్నారు. కమీల్‌కు చివరి రోజులలో సేవ చేసినది ఆమెయే. భర్త మరణానంతరం, 1892లో, ఆమె మోనేను వివాహమాడింది. 1883లో ఈ పెద్ద కుటుంబం జివెర్నీ అనే గ్రామంలో ఇల్లు అద్దెకు తీసుకొంది. క్రమంగా చిత్రాలు అమ్ముడుపోయాయి, 1890లో ఆ ఇంటినే కొన్నారు. ఒకే వస్తువును వేర్వేరు వెలుగులలో, వేర్వేరు కాన్వాసుల మీద వరుసగా చిత్రించే పద్ధతి ఈ కాలంలో రూపుదిద్దుకొంది. గడ్డివాములు, నది ఒడ్డు చెట్లు, రువాన్ పట్టణపు చర్చి ముఖభాగం అలా చిత్రమాలికలయ్యాయి. వస్తువుకూ కంటికీ మధ్యనున్న గాలినీ, వెలుగునూ చిత్రించాలని ఆయన తపన. అలాంటి తపన గలవానికి, గాలి కంటికి కనిపించే నగరం లండన్‌ను మించి ఆనాడు మరొకటి లేదు.

1899 శరత్కాలంలో ఆయన లండన్ వెళ్లాడు. ఇంగ్లీషు నేర్చుకొంటున్న కుమారుడు మిషేల్‌ను చూడడానికని బయలుదేరి, థేమ్స్ గట్టు మీది సవాయ్ హోటల్‌లో ఆరవ అంతస్తు గది తీసుకొని, కిటికీ ముందే చిత్రించడం మొదలుపెట్టాడు. ఎడమవైపు వాటర్లూ వంతెన, దాని వెనుక కర్మాగారాల పొగగొట్టాలు. కుడివైపు ఛారింగ్ క్రాస్ రైలువంతెన, దాని ఆవల పార్లమెంటు గోపురాల నీడలు. 1900, 1901 సంవత్సరాల శీతకాలాలలో మళ్లీ వచ్చాడు. 1900లో దక్షిణాఫ్రికా యుద్ధంలో గాయపడిన సైనికాధికారులకు ఆరవ అంతస్తు కేటాయించినందున ఐదవ అంతస్తుతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

దినచర్యలో మార్పుండేది కాదు. ఉదయం వాటర్లూ వంతెన, మధ్యాహ్నం ఛారింగ్ క్రాస్ వంతెన చిత్రించేవాడు. సాయంకాలం నది దాటి ఎదుటి ఒడ్డున ఉన్న సెయింట్ థామస్ ఆసుపత్రికి పోయి, అక్కడి అధికారుల అనుమతితో పార్లమెంటు భవనం వెనుక అస్తమించే సూర్యుణ్ణి చిత్రించేవాడు. ముప్పయ్యేళ్ల క్రితం తన చిత్రంలో దూరపు నీడగా చేర్చిన భవనం నుండే ఇప్పుడు ఆయన ఎదుటి ఒడ్డును చూస్తున్నాడు.

వెలుగు ఒక్కచోట నిలవదు కదా. ఒక కాన్వాసు మీద పని మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే మంచు పలుచబడి నది గులాబిరంగుకు మారేది. వెంటనే దానిని పక్కనపెట్టి, ఆ రంగుకు దగ్గరగా ఉన్న మరొక కాన్వాసు వెదకాలి. గదిలో అప్పటికి పదులకొద్దీ కాన్వాసులు గోడలకు ఆనించి ఉండేవి. 1900లో ఆ సంఖ్య అరవై దాటింది. కావలసినది చేతికి దొరికేసరికి ఆ వెలుగు మాయమయ్యేది. వెదికిన కాన్వాసే అన్నిటికంటె తగినదని ఆ వెలుగు పోయిన తరువాత తెలిసేది. జివెర్నీలో ఉన్న అలీస్‌కు ఆయన ఇంచుమించు ప్రతిదినం ఉత్తరం వ్రాసేవాడు. ఒకనాటి ఉత్తరంలో ఉత్సాహం, మరునాటి ఉత్తరంలో నిరాశ కనిపిస్తాయి.

వాటిలో ఒక ఆదివారపు సంగతి మరువరానిది. ఉదయం లేచి కిటికీ తెరిచేసరికి మంచు ఛాయ కూడా లేదు. ఎండలో నగరం స్పష్టంగా కనిపిస్తున్నది. సాధారణ యాత్రికుడైతే సంతోషించేవాడు. మోనే మాత్రం తన చిత్రాలన్నీ వృథా అయ్యాయని బెంబేలెత్తిపోయాడు. కాసేపటికి ఇళ్లలో పొయ్యిలు అంటుకొన్నాయి, పొగ లేచింది, మసక తిరిగివచ్చింది, ఆయన మనస్సు కుదుటపడింది. ఆ మంచు కేవలం ప్రకృతి ప్రసాదం కాదనే సత్యం ఈ చిన్న సంఘటనలో దాగి ఉంది. మన పల్లెలలో ధనుర్మాసపు వేకువన కనిపించే తెల్లని మంచు వంటిది కాదది. లక్షలాది గృహాలలో, కర్మాగారాలలో కాలే రాక్షసిబొగ్గు పొగ నదిమీది తేమతో కలిసి ఏర్పడిన ఆవరణం. అందులోని గంధకం వల్ల ఒక్కొక్కప్పుడు పచ్చగా, ఒక్కొక్కప్పుడు గోధుమరంగులో ఉండేది. మోనేకు కనిపించిన రంగుల వైవిధ్యానికి కొంతవరకు ఆ గంధకమే కారణం.

లండన్ వాసులకు అది ప్రాణాంతకం. 1873 డిసెంబరులో దట్టమైన పొగమంచు కమ్ముకొన్నప్పుడు నగరంలోని పశుప్రదర్శనకు తెచ్చిన పశువులు ఊపిరాడక చనిపోయాయి. మనుషుల మరణాలూ పెరిగాయి. మోనే తాను చిత్రించే ఆసుపత్రి వసారాకు వెనుకనే, లోపలి మంచాల మీద దగ్గుతూ పడి ఉన్నవారిలో ఆ గాలి పీల్చినవారు ఉండి ఉంటారు. ఆయన చిత్రాలలో వారు లేరు. పొగగొట్టాలు ఉన్నాయి, పొగ ఉంది, పడవలు ఉన్నాయి, వంతెన మీద నడిచే జనం రంగుచుక్కలుగా ఉన్నారు. సౌందర్యమే ఆయన వెదికినది, దాని మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్న ప్రశ్న ఆయన వేసుకొన్నట్లు కనిపించదు. ఆ ప్రశ్న వేసుకోలేదని ఆయనను నిందించడం సులభం. అయితే ఆ గాలి ఎట్లున్నదో ఇంత నమ్మకంగా నమోదు చేసినవారు మరొకరు లేరన్నదీ వాస్తవమే. 2023లో వెలువడిన ఒక పరిశోధనలో శాస్త్రవేత్తలు టర్నర్, మోనేల చిత్రాలను పరిశీలించి, వాటిలో రూపురేఖలు మసకబారిన తీరు ఆ కాలపు వాయుకాలుష్యం పెరుగుదలతో సరిపోతున్నదని తేల్చారు. కంటిజబ్బు వల్లనే మోనే అలా చిత్రించాడనే మాట వినిపిస్తూ ఉంటుంది. కాని ఆయనకు శుక్లాలున్నట్లు వైద్యులు నిర్ధారించినది 1912లో, లండన్ యాత్రలు ముగిసిన పదకొండేళ్లకు.

1901లో ఆ చలి, ఆ గాలి ఆయననూ విడిచిపెట్టలేదు. ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చి మంచం పట్టాడు. కోలుకొన్న తరువాత అసంపూర్ణ చిత్రాలతో జివెర్నీ చేరాడు. అక్కడ మరి మూడేళ్లు వాటిని సవరిస్తూనే ఉన్నాడు. అన్నీ కలిపి దాదాపు వంద. విడివిడిగా పూర్తిచేయడం ఆయనకు చేతకాలేదు, ఒకదానిని మార్చగానే పక్కనున్నది తప్పనిపించేది. చివరకు 1904 మే నెలలో పారిస్‌లోని డ్యురాన్ రుయెల్ గేలరీలో ముప్పయి ఏడు చిత్రాలు ప్రదర్శించాడు. ప్రజలు విరగబడి చూశారు. ఛాయాచిత్రాల సాయంతో ఇంట్లో కూర్చొని పూర్తిచేశాడన్న నింద కూడా వచ్చింది. ఆరుబయట చిత్రించడమే మతంగా బ్రతికినవానికి అది మనస్సు నొప్పించే మాట. ప్రత్యక్షంగా చూసి వేసినా, జ్ఞాపకంతో వేసినా, అది ఎవరికీ సంబంధం లేని విషయమనీ, ఫలితమే ముఖ్యమనీ ఆయన తన వర్తకునికి వ్రాశాడు. అందులో కొంత కోపం ఉన్నా నిజం కూడా ఉంది. ఐదు నిమిషాలు నిలవని వెలుగును మూడేళ్లు గుర్తుంచుకొని చిత్రించడం కన్ను ఒక్కటే చేయగల పని కాదు.

ఆ చిత్రాలను లండన్‌లోనే, వాటి సొంత నగరంలో, ప్రదర్శించాలని ఆయన 1905లో అనుకొన్నాడు. తృప్తి కలిగించే చిత్రాలు తగినన్ని మిగలలేదు. ఆ కోరిక నెరవేరలేదు. లండన్ పొగమంచుకు ‘స్మాగ్’ అనే పేరు ప్రచారంలోకి వచ్చినది కూడా ఆ సంవత్సరమే. పొగ, మంచు అనే అర్థాల రెండు ఆంగ్లపదాలను కలిపి కూర్చిన మాట అది.

తరువాతి జీవితం జివెర్నీ తోటలోనే గడిచింది. 1911లో అలీస్, 1914లో పెద్దకుమారుడు ఝాన్ మరణించారు. చూపు మందగించినా, 1923లో కంటికి శస్త్రచికిత్స జరిగినా కలువల చిత్రాలను విడువలేదు. 1926 డిసెంబరు 5న, ఎనభై ఆరేళ్ల వయస్సులో మోనే కన్నుమూశాడు. ఆయన దేశానికి కానుకగా ఇచ్చిన కలువల చిత్రాలకై పారిస్‌లోని ఆరాంజెరీ భవనంలో నిర్మించిన మందిరాలు మరుసటి ఏడాది ప్రారంభమయ్యాయి.

లండన్‌ను పొగ వెంటనే వదలలేదు. 1952 డిసెంబరులో ఐదురోజులపాటు కమ్ముకొన్న స్మాగ్ వేలమంది ప్రాణాలు తీసింది. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం బ్రిటన్ చట్టం చేసింది. మోనే చిత్రించిన వాటర్లూ వంతెనను 1930లలో కూల్చివేసి ఆ స్థానంలో కొత్తది కట్టారు. 2024 సెప్టెంబరు నుండి 2025 జనవరి వరకు లండన్‌లోని కోర్టోల్డ్ గేలరీలో మోనే థేమ్స్ చిత్రాలు ఇరవై ఒకటి ప్రదర్శింపబడ్డాయి. ఆ గేలరీ సవాయ్ హోటల్‌కు కొన్ని వందల మీటర్ల దూరంలోనే ఉంది. ప్రదర్శన చూసి నది గట్టుకు వచ్చినవారికి పార్లమెంటు గోపురాలు, రైలువంతెన, ఎదుటి ఒడ్డున ఆసుపత్రి కనిపించాయి. పొగగొట్టాలు, ఆనాటి వాటర్లూ వంతెన, వాటిని కప్పిన ఆ మంచు మాత్రం వారు గోడల మీద చూసి వచ్చిన కాన్వాసులలోనే ఉన్నాయి.